పగుళ్లాయన కొన్న రబ్బరు గిన్నె

అరచేతిలో పట్టే రబ్బరు ముక్క ఒకటి మా ఊరి పెద్ద వంతెనను కూల్చేసింది.

సరే, కూల్చలేదు. వంతెన నిలబడే ఉంది. ఈ పొద్దున కూడా దాని మీద బస్సులు పోతుంటే చూసే వచ్చాను. కానీ మా బావమరిది గుండెలో మాత్రం ఆ వంతెన పదకొండు రోజుల పాటు రోజుకు రెండుసార్లు కూలింది. పనికి వెళ్లేటప్పుడు ఒకసారి, ఇంటికి వచ్చేటప్పుడు ఒకసారి. ఇందులో అబద్ధం లేదు. అబద్ధమాడితే నాలుక నల్లబడుతుందని కాన్వెంటులో మా సిస్టర్ చెప్పేవారు. అప్పటినుంచీ రోజూ అద్దంలో చూసుకుంటూనే ఉన్నాను. కాస్త ముదురు రంగు తిరిగిన మాట నిజమేగాని, నలుపు అనడానికి వీల్లేదు.

మా బావమరిది అంటే మా ఆవిడ తమ్ముడు. వంతెనల శాఖలో ఫొటోగ్రాఫరు. ఆఫీసులో అందరూ వాడిని పగుళ్లాయన అంటారు. వాడి ఉద్యోగమే అది. ఆరు నెలలకోసారి వంతెన అడుగున వేలాడే ఇనుప నడవ మీదికి దిగి, స్తంభాల నెత్తిన ఉన్న పగుళ్లకు ఒక్కొక్కదానికీ ఫొటో తీస్తాడు. పోయినసారి ఎంత ఉంది, ఈసారి ఎంత ఉంది, అదీ లెక్క. మొత్తం నలభై ఒక్క పగుళ్లు. ఇరవై రెండేళ్లుగా చూస్తున్నాడు కాబట్టి వాటికి పేర్లు కూడా పెట్టుకున్నాడు. ఒకటి మెరుపు, ఒకటి కాకికాలు. నాలుగో స్తంభం మీద ఉన్న పెద్దదాని పేరు ముసలమ్మ.

"పెళ్లి ఫొటోలు తీసుకోక ఈ పనేమిట్రా?" అని వాడి ఉద్యోగం కొత్తల్లో అడిగాను.

"పెళ్లికూతుర్ని ఇంకాస్త నవ్వమ్మా అనాలి బావా. నావి ఇంకాస్త నవ్వాయంటే ఊరంతా ఏడవాలి," అన్నాడు.

మనిషి అటువంటివాడు. గొడుగు తీసుకున్నాక కూడా ఆకాశం వంక చూస్తూ నడిచే రకం. తలుపుకు తాళం వేసి, లాగి చూసి, వీధి మలుపు దాకా వెళ్లి, వెనక్కి వచ్చి మళ్లీ లాగుతాడు. వంతెనకు ఇంతకంటే మంచి కాపలాదారు దొరకడని వాళ్ల ఇంజనీరు గారు అనేవారు.

ఆ పనిలో చివరి మెట్టు ఒక కాగితం. ఫొటోలన్నీ ఇచ్చాక దాని మీద సంతకం చేయాలి. "ఈ పగుళ్లన్నిటినీ నా కంటితో చూశాను. మార్పు ఉంది, మార్పు లేదు" అని అచ్చువేసి ఉంటుంది. రెంటిలో ఒకటి కొట్టేసి కింద సంతకం. ఫొటో ఎంత బాగా వచ్చినా ఆ సంతకం లేనిదే చెల్లదు. పగుళ్లేమో చేతికందనంత పైన, చీకట్లో ఉంటాయి. మామూలు కంటికి గీతల్లా కూడా ఆనవు. కాబట్టి కంటితో చూడటమంటే పొడవాటి లెన్సు పెట్టి, కెమెరా వెనక ఉన్న చిన్న కిటికీలో, అంటే వ్యూఫైండర్లో, కుడికన్ను ఆనించి చూడటమే.

ఆ కిటికీ చుట్టూ ఒక రబ్బరు గిన్నె ఉంటుంది. ఐకప్పు అంటారు. నది మీద పడిన ఎండ పక్కనుంచి వచ్చి కంట్లో గుచ్చకుండా అది అడ్డుకుంటుంది. తొమ్మిదేళ్లు నమ్మకంగా పనిచేసిన ఆ గిన్నె, ఈసారి తనిఖీకి వారం ముందు, కెమెరా సరిచూసుకుందామని నడవ మీదికి దిగినప్పుడు, ఊడి నదిలో పడిపోయింది. మర్నాడు జాలర్లకు నల్ల కళ్లద్దం పెట్టుకున్న చేప దొరికిందని నేనంటాను. మా ఆవిడ ఒప్పుకోదు.

ఇక కొత్త గిన్నె కొనడానికి మావాడు పడిన అవస్థ కూతురికి సంబంధాలు చూసేవాడు కూడా పడి ఉండడు. కెమెరా కంపెనీవాళ్లు చేసేది ఒకటి ఉంది. దాని ఖరీదుకు మంచి బూట్ల జత వస్తుంది. ఎవరో ఊరూ పేరూ లేనివాళ్లు చేసేది ఇంకొకటి ఉంది. దాని ఖరీదుకు బూట్ల తాళ్లు వస్తాయి. ఆఫీసును అడిగితే కాగితం నాలుగు బల్లలు తిరిగి వచ్చేసరికి వర్షాలు మొదలవుతాయి. అందుకని సొంతంగా కొనుక్కోవాలనుకున్నాడు. నాలుగు రోజులు కొన్నవాళ్ల అభిప్రాయాలు చదివాడు. ఒకడు బ్రహ్మాండమన్నాడు. ఒకడు ఎండకు కరిగి రెప్పకు అంటుకుందన్నాడు. ఇంకొకడు రంగు దిగి కంటి చుట్టూ నల్లగా అయిందని, పెళ్లాం ఎవరితో తన్నులు తిన్నావని అడిగిందని రాశాడు. మావాడికి ఆ రాత్రి అన్నం సహించలేదు.

అయిదోరోజు నన్ను తోడు తీసుకుని కెమెరాల కొట్టుకు వెళ్లాడు. కొట్టు ఆసామి రెండూ గాజుబల్ల మీద పెట్టాడు. కంపెనీది మెరిసే ముద్ర వేసిన డబ్బాలో ఉంది. రెండోది పల్చటి ప్లాస్టిక్ సంచిలో.

"ఇది కంపెనీదండీ. కెమెరా ఎవరు చేశారో వాళ్లే చేశారు."

"మరి ఇది?"

"ఇదీ రబ్బరేనండీ."

"దీనికి సరిగ్గా పడుతుందా?"

"పడుతుంది. అంచు కొంచెం వెడల్పు, అంతే. ఎండ ఇంకా బాగా ఆగుతుంది."

"అయితే దానికెందుకు అంత ధర?"

"డబ్బాకండీ," అన్నాడు ఆసామి, రోజుకు పదిసార్లు చెప్పే మాటలా.

మావాడు రెంటినీ చెరో చేత్తో పట్టుకుని, ఒకసారి ముక్కు దగ్గర పెట్టుకుని, ఒకసారి చెంపకు రాసుకుని, నా వంక చూశాడు. ఇక్కడే నా పాపం ఉంది. ఒప్పుకుంటాను.

"ఒరేయ్, రబ్బరుకి వంశం ఏమిట్రా? కన్ను ఆనించుకోవడానికేగా, వియ్యమందుకోవడానికి కాదుగా," అన్నాను.

"కన్ను విషయం బావా."

"కన్ను నీదే ఉంటుంది. మారేది గిన్నె."

సంచిలోది కొన్నాడు.

తనిఖీ మొదటి రోజు నిక్షేపంగా ఉంది. ఎండ నిజంగానే బాగా ఆగింది. అయితే పాతదానిలా ఇదీ నదిలో పడిపోతే? ఆ భయంతో మావాడు ఒక జాగ్రత్త కనిపెట్టాడు. ఒక పగులు దగ్గర ఫొటో కాగానే గిన్నెను పైకి లాగి తీసి జేబులో వేసుకుని, జేబుకు గుండీ పెట్టుకుని, తర్వాతి పగులు దగ్గరికి వెళ్లి మళ్లీ కిందికి నొక్కి తగిలించుకుంటాడు. రోజుకు నాలుగైదు సార్లు తీయడం, నాలుగైదు సార్లు తగిలించడం.

మూడోరోజుకు వ్యూఫైండర్లో సన్నటి మంచు కమ్మింది. లెన్సు తుడిచాడు. కిటికీ తుడిచాడు. కన్ను తుడుచుకున్నాడు. మంచు పోలేదు. అయిదోరోజుకు పగులు అంచులు ఊలుదారంలా రేగిపోయాయి. తను చేత్తో ఫోకస్ చేయలేక, ఇరవై రెండేళ్లలో మొదటిసారి ఆ పని యంత్రానికి వదిలేశాడు. సాయంత్రం ఆఫీసులో పెద్ద తెర మీద ఆ ఫొటోలు చూసుకుంటే సూదిమొనలా ఉన్నాయి.

ఇంకొకరైతే అమ్మయ్య అనుకునేవారు. మావాడికి ముచ్చెమటలు పట్టాయి. కెమెరాకు కనిపిస్తోంది, తనకు కనిపించడం లేదు. అంటే పోయింది కన్నే!

ఈ మాట ఎవరికీ చెప్పలేదు. చెప్తే ఏమవుతుందో తెలుసు. వాళ్ల శాఖలో చూపు మందగించినవాళ్లను స్టోర్సు గదిలో కూర్చోబెడతారు. ఆ గదికి కిటికీ లేదు. ట్యూబులైటు కింద బోల్టులు, నట్లు వేరు చేసి డబ్బాల్లో వేయాలి. వీడికి ముందు మెరుపునూ కాకికాలినీ చూసిన పెద్దాయన అక్కడే ఆరేళ్లు కూర్చుని రిటైరయ్యాడు. ఆయన దగ్గరికి వెళ్లినప్పుడల్లా "ముసలమ్మ ఎలా ఉందిరా?" అని అడిగేవాడట, ఇంట్లో మనిషిని అడిగినట్టు.

ఏడోరోజు పొద్దున మా చెల్లెలు, అంటే వాడి భార్య, నాకు ఫోన్ చేసింది.

"అన్నయ్యగారూ, ఈయన తెల్లారేసరికి ఒక కన్ను మూసుకుని గోడ గడియారం ముందు నిలబడుతున్నారు. ఏమిటంటే టైము చూస్తున్నానంటారు. టైము చూడటానికి పావుగంట ఎందుకండీ?"

వాడు కన్ను పరీక్షించుకుంటున్నాడు. గడియారంలో ఆరున్నర అని కుడికంటితో చదివేవాడు. కానీ ఆరున్నరకే అలారం పెట్టుకుని లేచాడు కాబట్టి, చూసి చెప్పానా, తెలిసి చెప్పానా అని అనుమానం. కేలండరు చదివేవాడు. అదీ కంఠతా వచ్చు. పేపరు దగ్గరగా పెట్టుకుంటే అక్షరాలు అలికేసినట్టుండేవి. యాభై నాలుగేళ్లవాడికి అలా ఉండక ఎలా ఉంటాయి? అద్దాలు పెట్టుకోమని వాళ్లక్క అయిదేళ్లుగా పోరుతోంది. పైగా నులిమి నులిమి కన్ను పండిన మిరపకాయలా తయారైంది. ఏవో చుక్కలు వేసుకున్నాడు. ఉన్న చూపు కూడా గంటసేపు అలుక్కుపోయింది.

ఎనిమిదోరోజు నాలుగో స్తంభం దగ్గరికి వచ్చాడు. ముసలమ్మ. వ్యూఫైండర్లో అది రెట్టింపు వెడల్పుగా, బొగ్గుతో రుద్దినట్టు కనిపించింది. నడవ కమ్మీని పట్టుకుని కూర్చుండిపోయాడు. నెత్తిమీద బస్సు పోతే వంతెన దడదడలాడుతుంది. రోజూ ఆడేదే. ఆ రోజు మాత్రం ఒక్కో బస్సూ తన ఛాతీ మీదుగా పోయినట్టే ఉందట. ఫొటో తీసి చూస్తే ముసలమ్మ పోయినసారి ఎంత ఉందో అంతే ఉంది. ఫొటోను నమ్మాలా, కంటిని నమ్మాలా? కాగితమేమో కంటితో చూశానని రాయమంటోంది.

ఆ సాయంత్రం కూతురితో అన్నాడట: "రేపటినుంచి ఆఫీసుకు పడవలో వెళ్లమ్మా."

"పడవలో గంటన్నర నాన్నా. బస్సులో అయితే వంతెన దాటితే ఆఫీసే."

"గాలి బాగుంటుంది."

"గాలికి జీతం ఇస్తారా?" అని ఆ పిల్ల చక్కా బస్సులోనే వెళ్లింది. మావాడు ఆ బస్సు వంతెన దాటేదాకా ఒడ్డున నిలబడి చూశాడు. సాయంత్రం మళ్లీ చూశాడు.

పదోరోజుకు నలభై ఒక్క ఫొటోలూ అయ్యాయి. ఇంజనీరు గారు కాగితం ముందుకు జరిపారు.

"ఈసారి ఫొటోలు ఎప్పటికంటే బాగున్నాయండీ. సంతకం పడేయండి."

"రేపు చేస్తాను సార్."

"రేపేమిటండీ? కలం కావాలా?"

"కలం ఉంది సార్."

"మరేం లేదు?"

మావాడు ఏదో చెప్పబోయి, దగ్గు వచ్చినట్టు నటించి, బయటికి వచ్చేశాడు. నేరుగా మా ఇంటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే గడప మీద కూర్చున్నాడు.

"బావా, నా కుడికన్ను పోతోంది."

నేనూ వెళ్లి వాడి పక్కనే గడప మీద కూర్చున్నాను. గడియారం దగ్గరనుంచి ముసలమ్మ దాకా మొత్తం చెప్పాడు.

"మార్పు లేదని సంతకం పెడితే చూడనిదాన్ని చూశానన్నట్టు. మార్పు ఉందని పెడితే వంతెన మూసేస్తారు. తీరా అది నా కంటి దోషమైతే? చూపు పోయిందని చెప్తే రేపటినుంచి బోల్టులు. ఏం చేయను?"

"ముందు డాక్టరుకి చూపించు."

"చూపిస్తే చూపు పోయిందని ఆఫీసుకు కాగితం రాస్తారు బావా."

"రాయకపోతే కన్ను బాగవుతుందా?" అంది మా ఆవిడ లోపలినుంచి. "లే. రేపు పొద్దున మీ బావ వస్తారు. చెయ్యి పట్టుకుని తీసుకెళ్తారు, చిన్నప్పుడు బళ్లోకి నేను తీసుకెళ్లినట్టు."

పదకొండోరోజు పొద్దున కళ్లాసుపత్రిలో డాక్టరు గది బయట బల్ల మీద ఇద్దరం కూర్చున్నాం. నాలుగు రోజులనాటి పత్రిక ఒకటి తలకిందులుగా పట్టుకుని వాడు ఏదో గొణుగుతున్నాడు. వింటే అక్షరాలు. డాక్టరు గోడ మీద ఉండే పట్టికను తలుపు సందులోంచి చూసి బట్టీ పడుతున్నాడు!

"ఏమిట్రా ఇది?"

"భయమేసింది బావా. అలవాటు కొద్దీ..."

"కన్ను చూపించుకోవడానికి వచ్చావా, కాన్వెంటులో డిక్టేషన్‌కు వచ్చావా?"

కళ్ల డాక్టరు వయసులో చిన్నదే. సీసా అడుగంత మందం అద్దాలు పెట్టుకుంది. నేను ముందే ఆమెకు చెప్పేశాను, పట్టిక మార్చమని. ఆమె నవ్వి వేరేది వేసింది. మావాడు నావైపు ఒక చూపు చూశాడు. మనిషిని కాల్చే చూపుకు లోటేమీ లేదని అప్పుడే నాకు అనుమానం వచ్చింది. ఎడమకన్ను మూసి కుడికంటితో చదవమంటే పైనుంచి కిందిదాకా, ఆఖరి చీమకాళ్ల వరసతో సహా, తడుముకోకుండా చదివాడు.

"మీ కన్ను బాగుందండీ. చదువుకోవడానికి మాత్రం అద్దాలు కావాలి. ఈ వయసుకి మామూలే."

"లేదు డాక్టరుగారూ, సరిగ్గా చూడండి. నాకు కనిపించడం లేదు."

"ఇప్పుడే చదివారు కదా."

"ఇక్కడ చదివాను. అక్కడ కనిపించడం లేదు."

"ఎక్కడ?"

బతిమాలుకుంటున్నాడు, తనకు చూపు లేదని నమ్మమని! చివరికి సంచిలోంచి కెమెరా తీసి, దానికి ఆ రబ్బరు గిన్నె నొక్కి తగిలించి, చేతికిచ్చాడు. ఆమె కళ్లజోడు అడ్డమొస్తోందని తీసి బల్ల మీద పెట్టి, వ్యూఫైండర్లో కన్ను ఆనించింది. కిటికీలోంచి ఎదురింటి డాబా వైపు తిప్పింది.

"చాలా స్పష్టంగా ఉందే! ఆరేసిన బట్టల క్లిప్పులు కూడా కనిపిస్తున్నాయి."

మావాడి మొహం పాలిపోయింది. "చూశావా బావా, అందరికీ కనిపిస్తోంది..."

డాక్టరు కెమెరా దించింది. తన కళ్లజోడు వంక చూసింది. మళ్లీ ఆనించి చూసింది. మళ్లీ దించింది.

"ఉండండి. కళ్లజోడు లేకపోతే నాకు ఆ డాబాయే కనిపించదు. ఇందులో క్లిప్పులు ఎలా కనిపించాయి?" కెమెరాను ఇటూ అటూ తిప్పి చూసి, ఒక్కసారిగా నవ్వింది. "పోయింది మీ కన్ను కాదండీ. మీ కెమెరా నా కళ్లజోడు పెట్టుకుంది!"

వ్యూఫైండర్ పక్కన కందిగింజంత పళ్లచక్రం ఉంటుంది. ఎవరి చూపుకు తగినట్టు వాళ్లు తిప్పుకోవడానికి. మావాడు తొమ్మిదేళ్ల కిందట ఒకసారి తన కంటికి సరిపెట్టి, అదొకటి ఉందనే మరిచిపోయాడు. సంచిలో వచ్చిన గిన్నెకు అంచు వెడల్పు కదా. తగిలించినప్పుడల్లా ఆ అంచు చక్రాన్ని ఒరుసుకుంటూ కిందికి దిగి, ఒక వెంట్రుకవాసి తిప్పేది. లాగేటప్పుడు మాత్రం రబ్బరు సాగి చక్రానికి తగలకుండా వచ్చేసేది. ఆ పైన దాన్ని కప్పేసేది. జాగ్రత్త కొద్దీ తీసి తగిలించిన ప్రతిసారీ మావాడు తన కన్ను తనే పొడుచుకున్నాడన్నమాట. ఒక్కసారి తగిలించి వదిలేసి ఉంటే ఏమీ అయ్యేది కాదు. నదిలో పడి ఉన్నా ఏమీ అయ్యేది కాదు.

నేను నవ్వుతూనే ఉన్నాను. మావాడు నవ్వలేదు. డాక్టరుకు దండం పెట్టి, గిన్నె పీకి జేబులో వేసుకుని, ఆటో ఎక్కి నేరుగా వంతెనకు వెళ్లాడు. నన్ను ఎక్కించుకోవడం కూడా మరిచిపోయాడు. తర్వాత జరిగింది వాళ్ల ఇంజనీరు గారు చెప్పగా విన్నదే.

నడవ మీద నిలబడి, చక్రాన్ని సరిపెట్టి, ఎండ గుచ్చకుండా అరచెయ్యి అడ్డం పెట్టుకుని, పగుళ్లన్నిటినీ మళ్లీ చూసుకుంటూ వచ్చి, ఆఖరున ముసలమ్మను చూశాడు. ఎంత ఉందో అంతే ఉంది. ఒక్క వెంట్రుక కూడా పెరగలేదు. హమ్మయ్య అని కెమెరా దించబోయి, అలవాటు ప్రకారం చుట్టూ ఇంకొక్కసారి చూశాడు. ముసలమ్మకు జానెడు ఎడంగా, పసిపిల్లల జుట్టంత సన్నగా, ఒక కొత్త గీత. నలభై రెండోది. ఎనిమిదోరోజు తీసిన ఫొటోలో కూడా అది ఉంది, మూలన. కెమెరా చూసింది. కెమెరా చూసినదాన్ని చూసినవాళ్లే లేరు.

సాయంత్రానికల్లా ఇంజనీరు గారి బల్ల మీద కాగితం ఉంది. "మార్పు లేదు" అన్నది కొట్టేసి ఉంది. కింద సంతకం. ఒక్క అక్షరం కూడా చెదరలేదట. వంతెన సగం మూడు వారాలు మూసి మరమ్మతు చేశారు. బస్సులన్నీ ఒకే వరుసలో పాకుతుంటే ఊరంతా ఎవరినో ఒకరిని తిట్టింది. మా మేనకోడలు ఆ మూడు వారాలూ పడవలోనే వెళ్లింది, గాలి బాగుందని ఒక్కరోజు కూడా అనలేదు.

ఆ తర్వాత మావాడు కంపెనీ గిన్నె కొన్నాడు. అది ఇప్పటికీ డబ్బాలో, ముద్ర తీయకుండా, బీరువాలో ఉంది. అంత ఖరీదైనది నది మీదికి ఎలా తీసుకెళ్తాడు, పడిపోతే? సంచిలోదాన్నే బ్లేడుతో అంచు కోసి తగిలించుకున్నాడు. చక్రం కదలకుండా దాని మీద నల్ల టేపు ముక్క అంటించాడు.

ఇదంతా రాసి నిన్న మావాడికి చదివి వినిపించాను. కొత్త కళ్లద్దాలు ముక్కు మీదికి దించుకుని, ఆఖరిదాకా ఓపిగ్గా విన్నాడు.

"ఒక్క ముక్క నిజం లేదు బావా," అన్నాడు.

"పట్టిక బట్టీ పట్టలేదా?"

"పట్టలేదు."

"డాక్టరుతో దెబ్బలాడలేదా, నాకు చూపు లేదని?"

"ఆ డాక్టరెవరో నాకు తెలియదు. చక్రం కదలలేదు. నా కన్నెప్పుడూ మసకబారలేదు."

"అయితే కెమెరాకి ఆ టేపేమిట్రా?"

వాడు కెమెరా మీద అరచెయ్యి కప్పేశాడు.

"ఏ టేపు? అసలు నాకు బావే లేడు. అది కూడా రాసుకో."